పాత రాక్ పాటలకు పాతకాలపు డ్రమ్ సెట్టే కావాలా?

పోయిన కార్తీకంలో భీమవరం నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. నలుగురు స్నేహితులు కలిసి బ్యాండ్ పెట్టుకున్నారు. బీటిల్స్, లెడ్ జెప్పెలిన్, డీప్ పర్పుల్, ఈగల్స్, అన్నీ వాళ్ల నాన్నల కాలం పాటలే. "గురువుగారూ, నా అయిదు డ్రమ్ముల సెట్ అమ్మేసి వింటేజ్ మోడల్ కొందామనుకుంటున్నానండి. ఎంత కొట్టినా ఆ సౌండ్ దీంట్లో రావట్లేదండి" అన్నాడు. ఏ హెడ్లు (డ్రమ్ మీద బిగించే పొరలు) వేశావని అడిగాను. "కొన్నప్పుడు వచ్చినవేనండి." కొని ఎన్నాళ్లయింది? "మూడేళ్లండి."

ఆ పూట అతనికి చెప్పిందే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. మన గోదావరి జిల్లాల్లో తీర్థాలకి, చవితి పందిళ్లకి, పెళ్లిళ్లకి ఆరుబయట వాయించేవాళ్లకి పాత సెట్ అక్కర్లేదు. పాత అమరిక కావాలి, పాత శ్రుతి కావాలి. అవి రెండూ ఇప్పుడు మీ దగ్గరున్న సెట్ మీదే చాలావరకు వస్తాయి. చిన్న హాల్లోనో, రికార్డింగ్ గదిలోనో ఎక్కువగా వాయించేవాళ్ల సంగతి వేరు. వాళ్లు పాత తరహా సెట్ మీద పెట్టిన డబ్బు వినపడుతుంది.

అసలు "పాత" అంటే ఏ ఏటి పాత?

క్లాసిక్ రాక్ అని అన్నిటినీ ఒకే గంపలో వేస్తాం గానీ, అందులో ఒకదానికొకటి పొంతన లేని మోతలు ఉన్నాయి. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో బీటిల్స్ కనిపించినప్పుడు రింగో స్టార్ ముందున్న లుడ్విగ్ సెట్లో కాలితో కొట్టే బేస్ డ్రమ్ 20 అంగుళాలే. పైన టామ్ అనే చిన్న డ్రమ్ ఒకటి, పక్కన నేల మీద నిలబడే ఫ్లోర్ టామ్ ఒకటి, కింద తీగలు బిగించిన స్నేర్ ఒకటి. అంతే. ఆ మోత తేలిగ్గా, కురచగా, ఎగిరిపడుతున్నట్టు ఉంటుంది. 1969కి వచ్చేసరికి అదే రింగో రికార్డింగుల్లో డ్రమ్ముల మీద తువ్వాళ్లు కప్పి వాయిస్తున్నాడు. మోత మెత్తగా, దిండు మీద గుద్దినట్టు మారిపోయింది. మనిషి ఒకడే, కంపెనీ ఒకటే.

లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ దగ్గర బేస్ డ్రమ్ 26 అంగుళాలు. లోపల దిండ్లూ దుప్పట్లూ కుక్కకుండా, బిగువుగా శ్రుతి చేసి, గది నిండా మోగనిచ్చేవాడు. 1970ల మధ్యలో అమెరికా పడమటి తీరం స్టూడియోలు దానికి పూర్తిగా ఎదురు దారి పట్టాయి. టామ్‌ల కింది హెడ్ తీసెయ్యడం, పైన గుడ్డలూ టేపులూ అంటించడం మొదలైంది. ఈగల్స్ 1976లో తెచ్చిన రికార్డు వినండి. టామ్ కొట్టగానే మోత అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇక 1980 నాటి ఏసీ/డీసీ బ్యాండ్‌లో డ్రమ్మర్ ఫిల్ రడ్ సోనార్ సెట్ మీద వాయించిన తీరు ఇంకో దారి.

కాబట్టి "వింటేజ్ సెట్" ఒకటి కొనేస్తే ఇవన్నీ వచ్చేస్తాయనుకోవడం పొరపాటు. ముందు మీ పాటల జాబితా రాసి, ప్రతి పాట పక్కన అది ఏ ఏడుదో రాయండి. ఎక్కువ పాటలు ఏ కాలానివో చూస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ లాంటి ఒకరిద్దరిని పక్కన పెడితే, వాళ్లెవరూ పాత సెట్లు వాడలేదు. కొట్లోంచి కొత్తగా తెచ్చుకున్నవే వాడారు. వాట్స్ మాత్రం 1957 నాటి గ్రెచ్ సెట్‌ని దశాబ్దాల పాటు దగ్గర పెట్టుకుని వాయించాడు. అతని మోతలో ఆ చెక్క గొప్పదనం ఉంది, కాదనను. కానీ స్నేర్ కొట్టే క్షణంలో హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) మీంచి కుడిచెయ్యి ఎత్తేస్తాడు చూడండి, ఆ ఖాళీ వల్లే స్నేర్ దెబ్బ అంత విడిగా నిలబడుతుంది. రింగో ఎడమచేతివాటం మనిషి కుడిచేతి సెట్ మీద కూర్చోవడంతో అతని ఫిల్స్ (పాట వరసల మధ్య వేసే చిన్న చిన్న వాయింపులు) ఎవరూ ఊహించని దారిలో తిరుగుతాయి. ఇవి ఏ కొట్లోనూ దొరకవు.

చెక్కలో తేడా ఎక్కడుంది

1960ల నాటి అమెరికన్ షెల్ (డ్రమ్ గుండ్రటి చెక్క ఒళ్లు) సాధారణంగా మూడు పొరల పల్చటి చెక్క. మేపుల్‌తోనో మహోగనీతోనో చేసి, మధ్యలో పాప్లర్ పెట్టి, రెండు చివర్లా లోపలి వైపు బలానికి చెక్క కట్టు వేసేవారు. హెడ్ ఆనే అంచు గుండ్రంగా ఉండేది. అంచు గుండ్రంగా ఉంటే హెడ్ చెక్కని ఎక్కువ మేర తాకుతుంది. అందుకని మోత త్వరగా అణిగిపోతుంది, స్వరం వెచ్చగా ఉంటుంది. ఇప్పటి సెట్లకి అంచు 45 డిగ్రీల కోణంలో కోసుగా చెక్కుతారు. హెడ్ ఆ సన్నటి గీత మీదే ఆనుతుంది. దెబ్బ స్పష్టంగా ఉంటుంది, మోత చాలాసేపు నిలుస్తుంది, ఎంత పైకి బిగించినా ఎంత కిందికి వదిలినా శ్రుతి పలుకుతుంది.

బేస్ డ్రమ్ లోతు రెండో తేడా. అప్పట్లో 14 అంగుళాలు ఉండేది, ఇప్పుడు 18 మామూలైపోయింది. తక్కువ లోతుది కాలు వెయ్యగానే చటుక్కున పలుకుతుంది. లోతైనది పొట్టలో గుద్దినట్టుంటుంది.

ఈ తేడాలు నిజమైనవే. మూడడుగుల దూరంలో కూర్చుని వింటే ఎవరికైనా తెలుస్తాయి. ముప్పై అడుగుల దూరంలో, జనరేటర్ మోత మధ్య, సౌండ్ బాక్సుల్లోంచి వింటే ఎంత మిగులుతుందన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

ఏటిగట్టు తెగిన మోత

బోనమ్ మోత గురించి మాట్లాడేవాళ్లంతా చివరికి చేరేది ఒక్క రికార్డు దగ్గరికే, 1971లో వచ్చిన "వెన్ ది లెవీ బ్రేక్స్" దగ్గరికి. లెవీ అంటే మన ఏటిగట్టే. 1927లో మిసిసిపీ నదికి వచ్చిన వరద మీద కాన్సాస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ 1929లో పాడిన బ్లూస్ పాట దానికి మూలం. 1986 ఆగస్టులో గోదావరి చూసిన మన పెద్దవాళ్లకి గట్టు తెగడమంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. నేను ఆ పాట వాయించేటప్పుడు ప్రతిసారీ ఆ వరద కథలే మనసులో ఉంటాయి. లయ తొందరపడదు. నీళ్లు ఎలా పెరుగుతాయో అలా, అదే వేగంతో వస్తూనే ఉంటుంది.

ఆ మోత ఎలా పట్టారు? హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, ఎత్తయిన మెట్ల హాలు అడుగున సెట్ పెట్టారు. ఇంజినీర్ ఆండీ జాన్స్ పై అంతస్తు మెట్ల దగ్గర నుంచి రెండే రెండు మైకులు వేలాడదీశాడు. ఆ మోతని కంప్రెస్ చేసి (చిన్న మోతకీ పెద్ద మోతకీ తేడా తగ్గించి), ఎకో కలిపారు. అంటే మనం వింటున్నది డ్రమ్ ఒక్కటే కాదు, ఆ మెట్ల హాలు గోడల్ని కూడా. డీప్ పర్పుల్ వాళ్లు 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో ఒక ఖాళీ హోటల్ వరండాల్లో రికార్డ్ చేసుకున్నదీ ఇలాంటి పనే.

ఇప్పుడు మన స్టేజి చూడండి. వెనకాల షామియానా గుడ్డ, పైన ఆకాశం, చుట్టూ కొబ్బరి తోట. మోత తగిలి తిరిగి రావడానికి గోడ లేదు. అక్కడ అసలైన 1970 నాటి లుడ్విగ్ తెచ్చి పెట్టినా మెట్ల హాలు రాదు. పైగా గాలికీ, మానిటర్ల మోతకీ పైనుంచి వేలాడదీసిన రెండు మైకులతో పని జరగదు. ప్రతి డ్రమ్‌కీ దగ్గరగా మైక్ పెట్టక తప్పదు. అంత దగ్గర నుంచి పట్టినప్పుడు మైక్‌కి ముందు వినపడేది హెడ్, శ్రుతి. చెక్క తర్వాతే. ఆ డబ్బేదో సౌండ్ సిస్టమ్ ఆపరేటర్‌తో పది నిమిషాలు ముందు కూర్చోవడానికి పెట్టండి. గేట్ (మోత చివర్ని కోసేసే అమరిక) తగ్గించమనండి, డ్రమ్‌లకి హాల్ రివర్బ్ (పెద్ద హాల్లో మారుమోగినట్టు) ఇవ్వమనండి, కిక్‌లో, అంటే బేస్ డ్రమ్‌లో, "టక్" మనే పై మోత తగ్గించమనండి. మన దగ్గర ఆపరేటర్లు చాలామంది డీజే పాటలకి అలవాటుపడిన చెవితో కిక్ పెడతారు. అడిగితే మార్చనివాళ్లు నాకు తగల్లేదు.

ఉన్న సెట్‌నే పాత పాటలకి దించడం

ముందు 10 అంగుళాల టామ్ తీసి పక్కన పెట్టండి. 12 ఒక్కటే పైన ఉండాలి, పక్కన 16 ఫ్లోర్ టామ్. 16 లేకపోతే 14తో నెట్టుకురావచ్చు. టామ్‌లు తగ్గగానే రైడ్ (లయ పట్టే పెద్ద సింబల్) దగ్గరికి వస్తుంది, చేతి నడక మారుతుంది, ఫిల్స్ వాటంతటవే పాత దారిలో పడతాయి. దీనికి డబ్బు ఖర్చు లేదు. నా అనుభవంలో అన్నిటికన్నా పెద్ద మార్పు కూడా ఇదే.

తర్వాత హెడ్లు. సెట్‌తో వచ్చిన నూనె పూసినట్టు మెరిసే పారదర్శకమైన హెడ్లు తీసేసి, పైన తెల్లటి పూత ఉన్నవి వేయండి. 60ల పాటలకి ఒక పొరది, రెమో అంబాసిడర్ కోటెడ్ లాంటిది. బోనమ్ తరహాకి రెండు పొరలది, ఎంపరర్ కోటెడ్ లాంటిది. కింద పల్చటి పారదర్శకమైనదే ఉండనివ్వండి. కింది హెడ్‌ని పైదానికన్నా ఒక పిసరు బిగువుగా శ్రుతి చేస్తే టామ్ పాడుతుంది. మృదంగం వాయించేవాళ్లు చుట్టూ ప్రతి గడి దగ్గరా తట్టి సరిచూసుకుంటారు కదా, డ్రమ్‌కీ అంత ఓపిక కావాలి. ప్రతి బోల్టు దగ్గర అంచుకి అంగుళం లోపల తట్టి, అన్నిచోట్లా ఒకే స్వరం వచ్చేదాకా కీ తిప్పండి. నా దగ్గర నేర్చుకునేవాళ్లకి మొదటి నెల ఇదే పని.

బేస్ డ్రమ్‌లోంచి దిండు తీసేయండి. ముందు హెడ్‌కి రంధ్రం ఉంటే రంధ్రం లేనిది వేయండి. మైక్ లోపలికి పెట్టాల్సిన స్టేజీలకి మాత్రం చిన్న రంధ్రం ఉన్నది వేరే దాచుకోండి. కాలు తగిలే హెడ్‌కి లోపలి వైపు ఒక నూలు తువ్వాలు మడతపెట్టి ఆనీ ఆననట్టు ఉంచితే చాలు. 22 అంగుళాల డ్రమ్‌ని మీకు అలవాటైనదానికన్నా కాస్త పైకి బిగిస్తే, 26 మోత రాదు గానీ ఆ దారిలోకి వస్తుంది. బీటిల్స్ చివరి రోజుల్లోని రింగో మోత కావాలంటే మన గళ్ల తువ్వాలు టామ్ మీద మొత్తం పరిచి, అంచుల్లో బట్టల క్లిప్పులు పెట్టండి. ఈగల్స్ పాట రాగానే చిన్న గుడ్డముక్క టేపుతో అంటించండి, పాట అవగానే పీకేయండి.

స్నేర్ ఒక్కటి మాత్రం విడిగా కొనుక్కోవడం మంచిది. బోనమ్ వాడిన లుడ్విగ్ సుప్రాఫోనిక్ అల్యూమినియం షెల్‌ది, 14 అంగుళాల వెడల్పు, ఆరున్నర లోతు. అదే కొనక్కర్లేదు, ఏదైనా లోహపు స్నేర్ ఆ కొలతల్లో చూసుకోండి.

డబ్బు నిజంగా పెట్టాల్సింది సింబల్స్ మీద. అజ్జరం ఇత్తడి బిందె మోత, గుళ్లో కంచు గంట మోత పక్కపక్కన విన్నవాళ్లకి ఈ మాట వేరే వివరించక్కర్లేదు. చవక సెట్‌తో వచ్చే ఇత్తడి సింబల్ పాత పాటని మొదటి దెబ్బకే చెడగొడుతుంది. మంచి సింబల్స్‌లో ఎక్కువ భాగం 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం కలిసిన కంచు. అలాగని తగరం పాళ్లు చూసి కొనేయకండి. బోనమ్ వాడిన పైస్టే 2002 వరసలో తగరం 8 పాళ్లే. చెవితోనే ఎంచుకోవాలి. కర్రతో మెల్లగా కొట్టినప్పుడు కూడా పూర్తిగా విచ్చుకునేది తీసుకోండి.

పాత తరహా కొత్త సెట్ కొనాలనుకుంటే

చిన్న హాళ్లు, దిండి వైపు రిసార్టుల్లో యాభై అరవైమంది కూర్చునే సాయంత్రాలు, ఇంట్లో రికార్డింగులు ఎక్కువగా ఉన్నవాళ్లు కొనండి, నేనూ కొనమనే చెప్తాను. మైక్ లేకుండా వాయించినా గదిలో గొంతుల మీద పడకుండా అణకువగా ఉండే గుణం ఆ గుండ్రటి అంచుల సెట్లకే ఉంది. సోనార్ వింటేజ్ సిరీస్ బీచ్ చెక్కతో, గుండ్రటి అంచులతో వస్తుంది. లుడ్విగ్ లెగసీ మేపుల్, గ్రెచ్ బ్రాడ్‌కాస్టర్ పై మెట్టువి. తక్కువలో గ్రెచ్ కేటలినా క్లబ్ ఉంది.

ఇక్కడే ఒక గుంట ఉంది. "వింటేజ్" పేరుతో అమ్మే చిన్న సెట్లలో చాలావాటికి బేస్ డ్రమ్ 18 అంగుళాలే, కొన్నిటికి 16. లుడ్విగ్ బ్రేక్‌బీట్స్, టామా క్లబ్‌జామ్ అలాంటివి. చక్కగా చేసిన సెట్లే, ఆటోలో పట్టేస్తాయి, జాజ్‌కి బావుంటాయి. కానీ వాటి మీద జెప్పెలిన్ వాయిస్తే కింద నేల లేనట్టుంటుంది. 60ల పాటలకి 20, ఆ తర్వాతివాటికి 22. అంతకు దిగకండి. జాబితాలో మూడొంతులు బోనమ్ పాటలైతేనే 24 గానీ 26 గానీ చూడండి. దాన్ని ఎక్కించడానికి బండిలో చోటు కూడా కొలుచుకోండి.

నిజమైన పాతది

1960లు, 70ల నాటి అసలు సెట్ ఎవరి దగ్గరైనా దొరికితే మనసు లాగుతుంది. నాకూ లాగింది. కొన్నేళ్ల కింద ఒక మిత్రుడి దగ్గర 70ల నాటి సెట్ తీసుకుని కోనసీమలో సంక్రాంతి ప్రోగ్రాంకి వెళ్లాను. చెక్కబల్లల స్టేజి. రెండో పాటకే బేస్ డ్రమ్ ముందుకి జారడం మొదలుపెట్టింది. పాతవాటికి కాళ్లు సన్నవి, గట్టిగా కొడితే నిలబడవు. తాడు తెప్పించి డ్రమ్‌ని నా స్టూలుకి కట్టి వాయించాను. పదకొండు దాటాక మంచు కురిసింది. తెల్లారి చూస్తే క్రోమ్ మీద చెమ్మ పట్టి, అప్పటికే ఉన్న తుప్పు ఎర్రగా తేలింది. మిత్రుడికి ఆ సెట్ తిరిగిచ్చేటప్పుడు నాకు చాలా బాధేసింది. ఒక మనిషి యాభై ఏళ్లు కాపాడిన వస్తువుని ఒక్క రాత్రిలో పాడుచేసే హక్కు నాకు లేదు. అప్పట్నుంచి ఆరుబయటకి పాతది తీసుకెళ్లలేదు.

మన తేమ మామూలుది కాదు. డప్పు వాయించేవాళ్లు తీర్థంలో దిగగానే ముందు గడ్డి మంట వేసి డప్పు కాచుకుంటారు, చర్మం చెమ్మకి సాగిపోతుంది కాబట్టి. పూర్వం డ్రమ్ సెట్లకి కూడా దూడ చర్మమే. 1957లో రెమో కంపెనీ మొదలై ప్లాస్టిక్ హెడ్లు ఊపందుకున్నాక ఆ బెడద పోయింది. పాత మోత కోసం చర్మపు హెడ్లు మళ్లీ వేసుకునేవాళ్లు చల్లటి పొడి దేశాల్లో ఉన్నారు. అంతర్వేదిలోనో ఉప్పాడలోనో ఆ పని చేస్తే పాట పాటకీ మంట వేసుకోవాలి.

అయినా కొంటానంటే ఇవి చూసుకోండి. హెడ్ విప్పి, షెల్‌ని వంటగది గ్రానైట్ గట్టు మీద బోర్లించి, లోపల దీపం పెట్టండి. అంచు కిందినుంచి వెలుతురు బయటికొస్తే అంచు వంకర అన్నమాట. తర్వాత ఎవరో వేసిన కొత్త రంధ్రాలున్నాయేమో వెతకండి. పైన అంటించిన ప్లాస్టిక్ తొడుగు అతుకు దగ్గర లేచిందేమో వేలితో తడమండి. 1960ల నాటి కొన్ని బ్రిటిష్ ప్రీమియర్ డ్రమ్ములు ఇప్పటి కొలతలకన్నా పిసరంత పెద్దవి, వాటికి మామూలు హెడ్ ఎక్కదు. కొత్త హెడ్ ఒకటి వెంట తీసుకెళ్లి పెట్టి చూడండి.

ప్యాడ్ సంగతి

ఆర్కెస్ట్రాల్లో అందరికీ ఆక్టాప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్) అలవాటే. మిక్స్‌డ్ ప్రోగ్రాంలో డోలక్, తబలా, డప్పు మోతలకి అది ఉండాల్సిందే. రాక్ పాటకి వద్దు. స్నేర్ మీద నెమ్మదిగా వేసే చిన్న దెబ్బలు, హైహ్యాట్ సగం తెరిచిన మోత దాంట్లో పలకవు. ఇరుకు వీధుల్లో ఇళ్లున్నవాళ్లు రాత్రిపూట సాధనకి ఎలక్ట్రానిక్ సెట్ పెట్టుకోవచ్చు.

చెక్క వింటేజ్‌దైనా కాకపోయినా స్టాండ్లూ పెడలూ మాత్రం కొత్తవే తీసుకోండి, స్టాండ్లయితే ప్రతి కాలికీ రెండేసి బద్దలున్నవి. పాత తరహా పల్చటి స్టాండ్లు ఫొటోలో అందంగా ఉంటాయి గానీ నరసాపురం రేవులో పంటు ఎక్కించి సఖినేటిపల్లిలో దించేసరికి వాటి మరలు సగం వదులైపోతాయి. కింద మందపాటి తివాచీ ఎప్పుడూ బండిలోనే ఉంచుకోండి.

భీమవరం కుర్రాడు సెట్ అమ్మలేదు. కోటెడ్ హెడ్లు వేసి, 10 అంగుళాల టామ్ మంచం కిందికి తోసి, ఒక క్రాష్, ఒక రైడ్ మంచివి కొన్నాడు. మొన్న ఫోన్‌లో ఒక క్లిప్ పంపాడు. ఫ్లోర్ టామ్ కింది హెడ్ ఇంకా వదులుగా ఉంది, పావు చుట్టు బిగించమని చెప్పాను.